శరణాలయం నుంచి హక్కు వరకు: లైంగిక దోపిడీకి గురైన బాలికల ఆశ్రయ చరిత్ర – తెలుగు ప్రాంతాల నేపథ్యం

వ్యాససంగ్రహం

లైంగిక దోపిడీ నుంచి బయటపడిన బాలికలకు ఆశ్రయం కల్పించే దాతృత్వ కృషి మదరాసు రాష్ట్రంలోను, తరువాత ఆంధ్రప్రదేశ్‌లోను ఎలా రూపుదిద్దుకున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1860 శిక్షాస్మృతి మొదలు 2022 సుప్రీంకోర్టు ఆదేశాల వరకు గల కాలాన్ని స్థూలంగా తీసుకొని, చట్టానికీ ఆశ్రయానికీ మధ్య ఏర్పడిన ఎడాన్ని చర్చిస్తుంది. చట్టం దోపిడీని నేరమన్నది. ఆ నేరం నుంచి బయటపడిన బాలిక బతుకును మాత్రం చాలాకాలం దాతల దయకు విడిచిపెట్టింది. దాతృత్వం కప్పు ఇచ్చింది. కొన్నిచోట్ల ఆ కప్పు కిందనే మరొక నిర్బంధం కూడా ఏర్పడింది. ఈ రెండు పరిమితులనూ దాటిన ప్రయత్నాలలో కనిపించే సామాన్య లక్షణాలను గుర్తించడం వ్యాసలక్ష్యం.

కీలకపదాలు: శరణాలయం, కలావంతులు, జోగిని, యామినీ పూర్ణతిలకం, దుర్గాబాయి, ముత్తులక్ష్మీ రెడ్డి, రక్షణ గృహం, పునరావాసం.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట సంఘసంస్కరణ చరిత్రను గురించి వచ్చిన రచనలలో భోగంమేళాల నిరసనకు, దేవదాసీ వ్యవస్థ నిర్మూలనకు గణనీయమైన స్థానం ఉంది. ఉపన్యాసాలు, పత్రికల వాదోపవాదాలు, శాసనసభ తీర్మానాలు విస్తృతంగానే చర్చకు వచ్చాయి. అయితే ఆ జీవితాన్ని విడిచి వచ్చిన బాలిక ఆ రాత్రి ఎక్కడ తలదాచుకున్నది, ఆమెకు అన్నం పెట్టినవారెవరు, ఎన్నాళ్లు పెట్టారు, తరువాత ఆమె ఏ పనిచేసి బతికింది అన్న ప్రశ్నలు వెనుకబడిపోయాయి. సంస్కరణ చరిత్రను ఆశ్రయం వైపు నుంచి చదివినప్పుడు దాని బలాలూ బలహీనతలూ మరింత స్పష్టంగా ద్యోతకమవుతాయి.

ముందుగా ఒక విచక్షణ అవసరం. దేవదాసి, కలావంతుల సంప్రదాయాలను వేశ్యావృత్తితో సమానం చేయడం చరిత్ర దృష్ట్యా సరికాదు. సంగీత నృత్యాలలో, భాషాసాహిత్యాలలో వారి ప్రజ్ఞ ప్రసిద్ధం. ఆస్తి హక్కు, దత్తత హక్కు గల స్త్రీలు ఆ కుటుంబాలలో ఉండేవారు. అయితే ఊహ తెలియని వయసులో ఆడపిల్లను దేవునికి అంకితం చేసి, ఆమె అంగీకారంతో నిమిత్తం లేకుండా పోషకునికి అప్పగించే ఆచారం పసితనంపై జరిగిన దోపిడీయే. కళా సంప్రదాయ గౌరవం, బాలిక రక్షణ అనే రెండు అంశాలను వేరువేరుగా చూడకపోవడం వల్లనే ఆనాటి చర్చలలో చాలా గందరగోళం ఏర్పడింది.

2. శిక్ష ఉంది, ఇల్లు లేదు (1860–1920)

1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 372, 373 సెక్షన్లు వ్యభిచార ప్రయోజనం కోసం మైనర్లను అమ్మడాన్ని, కొనడాన్ని నేరాలుగా ప్రకటించాయి. అప్పుడు నిర్ణయించిన వయోపరిమితి 16 ఏళ్లు. 1924లో దానిని 18 ఏళ్లకు పెంచారు. ఈ సెక్షన్ల కింద మదరాసు హైకోర్టు ముందుకు ఆలయ అంకితాలకు సంబంధించిన వ్యాజ్యాలు కూడా వచ్చాయి. అమ్మినవారికి, కొన్నవారికి శిక్ష ఏమిటో శిక్షాస్మృతి చెప్పింది. అమ్ముడుపోయిన పిల్లను ఎవరు పెంచాలో చెప్పలేదు. నేరస్థుడే సంరక్షకుడైనచోట, అతడు జైలుకు వెళ్లిన తరువాత ఆ పిల్ల మళ్లీ ఆ ఇంటికే చేరక తప్పని పరిస్థితి ఏర్పడింది.

సంస్కర్తల దృష్టి తొలిదశలో ప్రధానంగా పోషకుల నైతికత మీద నిలిచింది. కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలోను, రఘుపతి వెంకటరత్నం నాయుడు కాకినాడలోను సాగించిన ప్రచారం ముఖ్యంగా విద్యావంతులైన పురుషులను ఉద్దేశించినది. 1893లో మదరాసు సంస్కర్తలు, నాచ్ ప్రదర్శనలకు హాజరు కావద్దని వైస్రాయికీ మదరాసు గవర్నరుకూ విన్నపాలు సమర్పించారు. ఆ విన్నపాలు ఫలించలేదు. వాటి దృష్టి చూసేవారి శీలం మీద ఉంది; ఆడేవారి జీవనోపాధి మీద లేదు. పోషకుడు తప్పుకుంటే ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందన్న ఆలోచన ఆ దశలో బలంగా కనిపించదు.

ఆశ్రయం విషయంలో క్రైస్తవ మిషనరీలు ముందడుగు వేశారు. తిరునెల్వేలి ప్రాంతంలో ఎమీ కార్మైకేల్ 1901లో, ఆలయానికి అంకితం కావలసిన ఒక చిన్నపిల్లకు ఆశ్రయమిచ్చారు. ఆ తరువాత దోనావూరులో అటువంటి పిల్లల కోసం శాశ్వతమైన నివాసం వెలసింది. అయితే అక్కడ ఆశ్రయంతోపాటు మతమూ మారుతుందన్న విమర్శ హిందూ సమాజంలో వినిపించింది. ఆ విమర్శ చేసినవారి ముందున్న ప్రశ్న సులువైనదేమీ కాదు: మిషన్ తలుపు మూసివేస్తే, ఆ పిల్లకు తెరిచి ఉన్న మరో తలుపు ఏది?

3. కాకినాడ, 1921: దాతలెవరు?

1921 ఏప్రిల్‌లో గాంధీ కాకినాడ పర్యటనకు వచ్చారు. అప్పటికి పన్నెండేళ్లయినా నిండని దుర్గాబాయి, పట్టణంలోని దేవదాసీ స్త్రీలకు, పరదా పాటించే ముస్లిం స్త్రీలకు ఆయన దర్శనం కలిగించాలని పూనుకున్నారు. నిధికి 5,000 రూపాయలు సమర్పిస్తే కొద్ది నిమిషాలు కేటాయిస్తామని నిర్వాహకులు చెప్పగా, ఆ సొమ్మును దేవదాసీ స్త్రీలే సమకూర్చారని దుర్గాబాయి తన ఆత్మకథలో నమోదు చేశారు. సభలో వారు ఒంటిమీది నగలను సైతం తీసి ఇచ్చారు.

ఈ ఘటనను సాధారణంగా దుర్గాబాయి బాల్యంలోని సాహసానికి నిదర్శనంగా చెబుతారు. ఆశ్రయ చరిత్ర దృష్ట్యా మరొక అంశం ముఖ్యం. దాతృత్వానికి పాత్రులుగా సమాజం భావించిన స్త్రీలు ఆనాడు దాతల స్థానంలో ఉన్నారు. తమ మాట చెప్పుకొనే అవకాశం కోసం వారు వెల చెల్లించవలసి వచ్చింది. కరుణకు కూడా ప్రవేశ రుసుము ఉన్న సమాజమది.

గాంధీ ఆ ఏడాదిలోనే కాకినాడ, బారిసాల్ అనుభవాలను ప్రస్తావిస్తూ 'యంగ్ ఇండియా'లో రాశారు. ఈ పాపానికి బాధ్యత పురుషులదేనని స్పష్టం చేశారు. ప్రత్యామ్నాయ జీవికగా రాట్నాన్ని సూచించారు. బాధ్యతను స్త్రీ నుంచి పురుషునికి మార్చడం ఆనాటికి పెద్ద మలుపు. కానీ 1925లో బారిసాల్‌లోని స్త్రీలు ఆ వృత్తిలో ఉండగానే కాంగ్రెసు పనికై సంఘంగా ఏర్పడడాన్ని ఆయన తీవ్రంగా విమర్శించారు. వృత్తిని వదిలితేనే సోదరి, వదలకపోతే సంఘానికి వెలుపలి వ్యక్తి అన్న ఈ షరతు తరువాతి శరణాలయాల నియమావళిలోకి కూడా ప్రవేశించింది.

4. లోపలి నుంచి వచ్చిన చొరవ

1920ల దశాబ్దంలో మదరాసులో హిందూ యువతీ శరణాలయం ఏర్పడింది. దాని స్థాపకురాలు యామినీ పూర్ణతిలకం స్వయంగా కలావంతుల కుటుంబంలో జన్మించినవారు. జాతీయోద్యమంలో వక్తగా పేరుపొందినవారు. ఆ జీవితం నుంచి బయటపడదలచిన యువతులకు నివాసం, చదువు, చేతిపని కల్పించడం ఆ సంస్థ ఉద్దేశం. పేరులోని 'హిందూ' అన్న మాటను మిషనరీ ఆశ్రయాల నేపథ్యంలో గమనించవలసి ఉంది. మతం మారకుండానే మానవచ్చునన్న హామీ అందులో ధ్వనిస్తుంది. సంస్కర్తలు వెలుపలి నుంచి తెచ్చిన ఉద్ధరణకు భిన్నంగా, ఆ సమాజం లోపలి నుంచే ఒక స్త్రీ తన తోటివారి కోసం ఇల్లు తెరవడం ఇక్కడి విశేషం.

ముత్తులక్ష్మీ రెడ్డి కృషిలోనూ ఇదే లక్షణం కనిపిస్తుంది. ఆమె తల్లి దేవదాసీ కుటుంబానికి చెందినవారు. మదరాసు శాసనమండలిలో ప్రవేశించిన తొలి మహిళగా ఆమె 1927 నవంబరులో బాలికల అంకితాన్ని ఆపాలని తీర్మానం ప్రతిపాదించారు. తీర్మానం జరిగినంత మాత్రాన సమస్య తీరలేదు. 1930 ప్రాంతంలో దేవదాసీ కుటుంబాల నుంచి వచ్చిన ముగ్గురు బాలికలకు నగరంలోని వసతిగృహాలు చోటు నిరాకరించాయి. బ్రాహ్మణ బాలికల వసతిగృహమూ, బ్రాహ్మణేతర బాలికల వసతిగృహమూ వారిని చేర్చుకోలేదు. ముత్తులక్ష్మి వారిని తన ఇంటనే ఉంచుకున్నారు. అవ్వై ఇల్లం పుట్టుక అదే.

ఈ నిరాకరణ ఘటన సంస్కరణ చరిత్రకు ఒక గీటురాయి. దేవదాసీ వ్యవస్థను సభల్లో ఖండించిన సమాజమే, ఆ వ్యవస్థను విడిచిన పిల్లను తమ పిల్లల పక్కన కూర్చోబెట్టడానికి సిద్ధపడలేదు. కులాల మధ్య ఎన్ని విభేదాలున్నా, ఆ బాలికలను కాదనడంలో అవి ఏకీభవించాయి.

5. భూమి, చదువు, వృత్తి

ఆశ్రయం తాత్కాలికం, జీవిక శాశ్వతం. ఈ సత్యాన్ని 1929 నాటి శాసనం కొంతవరకు గుర్తించింది. మదరాసు హిందూ దేవాదాయ చట్టానికి చేసిన ఆ సవరణ, ఆలయ సేవకు ప్రతిఫలంగా దేవదాసీలు అనుభవిస్తున్న ఇనాం భూములను సేవా నిబంధన నుంచి విడదీసింది. సేవ మానినా భూమి పోదన్న భరోసా దానివల్ల ఏర్పడింది. భూమి లేని కుటుంబాలకు, ముఖ్యంగా ఆలయాలతో సంబంధం లేకుండా మేళాలపై ఆధారపడిన కలావంతులకు ఈ వెసులుబాటు అందలేదు.

ఇదే కాలంలో దేవదాసీల సంఘం వినిపించిన అభ్యంతరాలను కూడా పరిగణించాలి. బెంగుళూరు నాగరత్నమ్మ వంటి ప్రముఖులు, తమనందరినీ వేశ్యలుగా ముద్రవేయడాన్ని ప్రతిఘటించారు. తమ సంప్రదాయాన్ని శిక్షించడం కాక తమ పిల్లలకు మతపరమైన, సాహిత్య, కళా విద్యలు అందించాలని వారు కోరారు. ఆ కోరికలో స్వార్థమే ఉన్నదని కొట్టివేయడం సులభం. కానీ కళను జీవికగా నిలిపి, దోపిడీని మాత్రమే తొలగించే మూడో మార్గం సాధ్యమేనన్న సూచన అందులో ఉంది. ఆనాటి శాసనకర్తలు ఆ మార్గాన్ని అన్వేషించలేదు. మరికొంతకాలానికి అదే నృత్యం వేరే ఇళ్ల ఆడపిల్లలకు గౌరవప్రదమైన విద్యగా మారింది. తరాలుగా దానిని కాపాడిన కుటుంబాల బాలికలకు శరణాలయాలు నేర్పినది నూలు వడకడం, కుట్టుపని.

6. రాజ్యం చేతికి వచ్చిన ఆశ్రయం (1947–1986)

1947 మదరాసు దేవదాసీల (అంకిత నివారణ) చట్టంతో ఆచారం నిషిద్ధమైంది. కోస్తా, రాయలసీమలకు ఇది వర్తించింది; హైదరాబాదు సంస్థానంలోని తెలంగాణకు వర్తించలేదు. ఆ తేడా ఫలితం తరువాతి నాలుగు దశాబ్దాల చరిత్రలో కనిపిస్తుంది.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు దుర్గాబాయి దాని తొలి అధ్యక్షురాలయ్యారు. 1921లో కాకినాడలో నిధి కోసం స్త్రీల గడపలు తిరిగిన బాలిక, ఇప్పుడు స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వ ధనాన్ని పంచే బాధ్యతలో ఉన్నారు. బోర్డు నియమించిన సాంఘిక, నైతిక ఆరోగ్య సలహా సంఘానికి ధన్వంతి రామారావు అధ్యక్షత వహించారు. ఆశ్రయం ఒక వ్యక్తి ఔదార్యంగా మాత్రమే మిగలరాదని, ప్రణాళికాబద్ధమైన సేవగా మారాలన్న దృష్టి ఆ కాలంలో స్థిరపడింది.

1950 నాటి అంతర్జాతీయ ఒడంబడికను అనుసరించి 1956లో అవినీతి వ్యాపార నిరోధక చట్టం వచ్చింది. 'రక్షణ గృహం' అన్న మాటకు అప్పుడు జాతీయస్థాయిలో చట్టబద్ధత లభించింది. ఈ చట్టంలో 21 ఏళ్లు నిండని స్త్రీని 'బాలిక'గా నిర్వచించారు. 1986 సవరణ ఆ విభజనను మార్చి, 16 ఏళ్లలోపువారిని 'శిశువు'గా, 16 నుంచి 18 మధ్యవారిని 'మైనరు'గా పేర్కొన్నది. ఈ వయోరేఖలు కాగితం మీది అంకెలు మాత్రమే కావు. బహిరంగంగా విటులను పిలవడాన్ని ఇదే చట్టం నేరంగా పరిగణించింది. చిన్నతనంలోనే ఆ కూపంలో పడిన అమ్మాయి, బయటకు వచ్చే దారి దొరకకముందే ఆ వయసు దాటితే, రక్షణకు అర్హురాలైన వ్యక్తి నిందితురాలిగా మారే ప్రమాదం ఉంది. ఆమె మీద జరిగిన దోపిడీ మాత్రం పుట్టినరోజుతో మారదు.

7. చెల్లి నిలయం, ప్రజ్వల

తెలంగాణ జిల్లాల్లో జోగిని ఆచారం స్వాతంత్ర్యానంతరం కూడా కొనసాగింది. జోగినులలో అత్యధికులు భూమిలేని దళిత కుటుంబాల ఆడపిల్లలు. పోషకుడిచ్చే ఆస్తిగాని, కళాశిక్షణగాని, ఆలయ ఇనాంగాని వారికి లేవు. దేవత పేర జరిగిన పెళ్లి, ఊరి పెత్తందార్లకు ఇచ్చిన అనుమతిపత్రంగా పనిచేసింది. కనుక దీనిని దేవదాసీ సంప్రదాయపు శాఖగా మాత్రమే చూడడం చాలదు. కులాధిపత్యపు రూపంగా గుర్తించవలసి ఉంది.

గుర్రం జాషువా కుమార్తె, సంఘసేవకురాలు హేమలతా లవణం నిజామాబాదు జిల్లాలో జోగినుల మధ్య పనిచేశారు. వర్నిలో నెలకొల్పిన ఆశ్రయానికి పెట్టిన పేరు 'చెల్లి నిలయం'. మునుపటి సంస్థల పరిభాషతో ఈ పేరును పోల్చితే ఒక పరిణామం కనిపిస్తుంది. 'పతిత' అన్నప్పుడు దోషం ఆమెది. 'శరణార్థిని' అన్నప్పుడు దాత పైన, ఆమె కింద ఉంటారు. 'చెల్లి' అన్నప్పుడు ఇంట్లో ఆమెకు స్వతస్సిద్ధమైన చోటు ఉంటుంది. 1988లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ దేవదాసీల (అంకిత నిషేధ) చట్టం జోగిని, బసివి, మాతమ్మ మొదలైన స్థానిక నామాలను పేర్కొంటూ అంకితాన్ని రాష్ట్రమంతటా నిషేధించింది. 1990లో విశాల్ జీత్ కేసులో సుప్రీంకోర్టు దేవదాసి, జోగిని ఆచారాలను ప్రస్తావించి, పునరావాస గృహాల ఆవశ్యకతను గుర్తుచేసింది.

1996లో హైదరాబాదు పాతబస్తీలోని మెహబూబ్ కీ మెహందీ ప్రాంతం నుంచి వ్యభిచార గృహాల స్త్రీలను ఖాళీ చేయించారు. ఆ సందర్భంలో సునీతా కృష్ణన్, బ్రదర్ జోస్ వెట్టికాటిల్ కలిసి స్థాపించిన 'ప్రజ్వల' తొలి కార్యక్రమం ఆ స్త్రీల పిల్లలకు బడి నడపడం. తల్లి వృత్తి బిడ్డకు వారసత్వంగా దిగకుండా ఆపడమే దాని ఆశయం. క్రమంగా ఆ సంస్థ, రక్షించిన బాలికలకు ఆశ్రయం కల్పిస్తూ, వెల్డింగు, వడ్రంగం, పుస్తకాల బైండింగు వంటి పనులలో శిక్షణ ఇచ్చింది. ఆడపిల్లకు కుట్టుమిషనే తగినదన్న శరణాలయ సంప్రదాయం నుంచి ఇది గణనీయమైన మార్పు. మార్కెట్టులో కూలి ఎక్కువ పలికే పని నేర్చిన అమ్మాయికి వెనక్కి వెళ్లవలసిన అగత్యం తగ్గుతుందన్నది దీని వెనుక ఉన్న తర్కం. 2003లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రక్షించినవారికి తక్షణ సహాయంగా 10,000 రూపాయలు చెల్లించే ఉత్తర్వు వెలువరించింది. సహాయం విరాళంగా కాక, అడిగి పొందవలసిన అర్హతగా మారుతున్న దశ ఇది.

8. తలుపు ఎటు తెరుచుకుంటుంది?

ఆశ్రయం నిర్బంధంగా మారే ప్రమాదం ఈ చరిత్ర పొడవునా వెంటాడింది. బాలికల విషయంలో ఇది సున్నితమైన సమస్య. అమ్మినవారే తల్లిదండ్రులమని వచ్చి అడిగినప్పుడు తలుపు మూసి ఉంచడం రక్షణ. కానీ అదే తాళం బయటి పర్యవేక్షణను కూడా ఆపితే, లోపల జరిగేది ఎవరికీ తెలియదు. బీహారులోని ముజఫర్‌పూర్ బాలికా గృహంలో జరిగిన అత్యాచారాలు 2018లో, టాటా సామాజిక విజ్ఞాన సంస్థ బృందం జరిపిన సామాజిక తనిఖీ వల్ల వెలుగులోకి వచ్చాయి. ప్రభుత్వ నిధులతో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపిన గృహమది. దాత సదుద్దేశాన్ని నమ్మి తనిఖీని వదిలివేయరాదన్న పాఠం దానినుంచి గ్రహించవలసినది.

వేరుపెట్టడం మరొక సమస్య. 1989లో గౌరవ్ జైన్ వ్యాజ్యంలో, వేశ్యావృత్తిలోని స్త్రీల పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు, వసతిగృహాలు పెట్టాలన్న వాదనను సుప్రీంకోర్టు అంగీకరించలేదు. అటువంటి వేర్పాటు పిల్లలకు గాని, సమాజానికి గాని మేలుచేయదని అభిప్రాయపడింది. 1930లో మదరాసు వసతిగృహాలు ముగ్గురు బాలికలను తిప్పిపంపినప్పుడు తలెత్తిన సమస్యే దాదాపు అరవై ఏళ్ల తరువాత న్యాయస్థానం ముందు నిలిచిందని గుర్తించవచ్చు. ప్రత్యేక గృహం అవసరమైనది సమాజం చేర్చుకోనందువల్ల. ప్రత్యేక గృహమే శాశ్వతమైతే చేర్చుకోవలసిన బాధ్యత నుంచి సమాజం తప్పించుకుంటుంది.

2022 మే 19న బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సుప్రీంకోర్టు, రక్షణ గృహాలలో తమ ఇష్టానికి విరుద్ధంగా ఉంచిన వయోజన స్త్రీల పరిస్థితిని సర్వే చేసి, వారిని కాలపరిమితిలో విడుదల చేసేందుకు చర్యలు తీసుకోవాలని రాష్ట్రాలను ఆదేశించింది. బాలికకు సంరక్షణ, వయోజనురాలికి స్వేచ్ఛ అనే భేదం ఇక్కడ స్పష్టమైంది. ఒకే గృహం, ఒకే నియమావళి ఈ ఇరువురికీ సరిపోవు.

9. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు.

• చట్టం, ఆశ్రయం ఒకదాని వెంట ఒకటి రాలేదు. 1860 శిక్షాస్మృతికీ 1956 రక్షణ గృహాలకూ మధ్య ఉన్న దాదాపు శతాబ్దపు ఎడాన్ని మిషనరీలు, స్వచ్ఛంద సంస్థలు, కొందరు స్త్రీలు తమ ఇళ్లతో పూడ్చవలసి వచ్చింది.

• యామినీ పూర్ణతిలకం, ముత్తులక్ష్మీ రెడ్డి ఇరువురూ ఆ సమాజాలతో జన్మసంబంధం కలవారు. బాధిత సమాజం నుంచి వచ్చిన నాయకత్వం ఆశ్రయానికి దయను మించిన నైతిక బలాన్ని ఇచ్చింది. 1921లో కాకినాడ స్త్రీలు ఇచ్చిన 5,000 రూపాయలను సైతం ఈ చరిత్రలో తొలి విరాళాలలో ఒకటిగా లెక్కించవలసి ఉంది.

• జీవిక చూపని ఆశ్రయం తాత్కాలికంగానే మిగిలింది. ఇనాం భూమి నిలుపుకున్న కుటుంబానికీ, భూమిలేని జోగినికీ మధ్య ఉన్న తేడా దీనికి నిదర్శనం. శిక్షణలో ఏ పని నేర్పుతున్నారన్నది కూడా అంతే ముఖ్యం.

• సంస్థ విజయాన్ని చేర్చుకున్నవారి సంఖ్యతో కొలవడం అలవాటైంది. బయటకు వెళ్లినవారు ఐదేళ్ల తరువాత ఏ పనిలో, ఏ ఇంట్లో, ఎవరి మధ్య ఉన్నారన్నది సరైన కొలమానం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని శరణాలయాల నివేదికలు, చందాదారుల జాబితాలు, సంక్షేమ శాఖ ఉత్తర్వులు పరిశోధకులకు విలువైన ఆకరాలు. దాతల పేర్లు వాటిలో వివరంగా ఉంటాయి. అక్కడ పెరిగిన బాలికల గోప్యతకు భంగం కలగకుండా వారి అనుభవాన్ని చరిత్రలోకి తీసుకురావడం ఇకమీద జరగవలసిన పని. 'ఉద్ధరించినవారి' చరిత్ర చాలావరకు రాయడం జరిగింది. ఆ ఇళ్లలో బతికి, చదివి, పనిచేసి నిలదొక్కుకున్నవారి చరిత్ర రాయవలసి ఉంది.